పైపులో మంచినీళ్లు

ఎక్కడ పని ఒప్పుకున్నా ఖాజా మొహిద్దీన్ ఇప్పుడు ముందుగా ఒకే మాట అడుగుతున్నాడు. "ఇక్కడ రోజూ తుడిచేది ఎవరు?" వినేవాళ్లు తెల్లమొహం వేస్తున్నారు. భూమిలో వేసిన కరెంటు పైపు పాడైందని పిలిస్తే, ఈ మేస్త్రీ వచ్చి ఇల్లు తుడిచే మనిషి గురించి ఆరా తీస్తున్నాడేంటని నా కొట్టుకొచ్చి అడిగినవాళ్లు ఉన్నారు. నేనేం చెప్పను? నా పేరు బసవేశ్వరరావు. తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నాది. ఖాజాకీ నాకూ ముప్పై ఎనిమిదేళ్ల స్నేహం, అందులో సగం పోట్లాటలే. కిందటి వేసవి దాకా అతను అడిగే మొదటి ప్రశ్న వేరు. "మీకు ఎవరితోనైనా గొడవలున్నాయా?" అనేవాడు. ఆ ప్రశ్న పోయి ఈ ప్రశ్న ఎలా వచ్చిందో చెప్పాలంటే నా తప్పు కూడా బయటపెట్టుకోవాలి. సరే, పెట్టుకుంటాను. ఇన్నాళ్లు కడుపులో దాచుకుని నేను బావుకున్నదేమీ లేదు.

ఖాజాది ఇస్లాంపేట. అరవై రెండేళ్ల వయసు, ఎండుకొమ్మ లాంటి మనిషి. అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు, ఇరవై మూడో ఏట వచ్చింది. అంగలకుదురులో ఒక బియ్యం మిల్లులో మోటారు వైరు మారుస్తున్నాడు. "మెయిన్ తీసేశావా?" అని మిల్లు మనిషిని అడిగాడు. "తీసేశా, అమ్మతోడు" అన్నాడు వాడు. తియ్యలేదు. ఖాజా ఎడమచేతి రెండు వేళ్లు ఆ రోజు నుంచి వంగవు, వాటికి వేడీ చల్లనా తెలియవు. అప్పటి నుంచి అతను మనుషుల మాట మీద పనిచెయ్యడం మానేశాడు. నడుముకు ఒక ఇత్తడి తాళంకప్ప కట్టుకుని తిరుగుతాడు. ఎక్కడికి వెళ్లినా ముందు తనే మెయిన్ దించి, దానికి తన తాళం వేసి, తాళంచెవి బనీను జేబులో పెట్టుకుంటాడు. అప్పుడు కూడా టెస్టరు పెట్టి చూడందే వైరు ముట్టడు. ఒకసారి నా కొట్టులోనే నా మెయిన్‌కి తాళం వేశాడు. నాకు ఒళ్లు మండిపోయి, నాలుగు రోజులు మాట్లాడలేదు.

భూమిలో పైపుల పనికి మాత్రం తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్లలోనూ అతని తర్వాతే ఎవరైనా. మన నేల సంగతి తెలిసిందే, నడుము లోతు తవ్వితే నీళ్లు. పైపులో కరెంటు వైరుతో పాటు నీళ్లు కూడా కాపురం పెడతాయి. ఆ నీళ్లు ఎక్కడివో కనిపెట్టడానికి అందరూ పైపు పొడవునా తవ్వుకుంటూ పోతారు. ఖాజా తవ్వడు. పైపులోంచి కారిన నీటిని వేలితో తీసి నాలుక మీద వేసుకుంటాడు. డోకొస్తుంది చూస్తే! "ఛీ, చచ్చిపోతావురా నాయనా" అని నేనెన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. అతని భార్య చాంద్ బీ అయితే ఆ పని చేసొచ్చిన రోజు కొళాయి దగ్గర నోరు కడుక్కుంటే గాని గడప తొక్కనివ్వదు. కానీ ఆ నాలుక చెప్పిందంటే తిరుగులేదు. కాలవ నీళ్లా, బోరు నీళ్లా, సబ్బు కలిసిన స్నానాల నీళ్లా అని చెప్పేస్తాడు. అక్కడ తవ్వితే అక్కడే పగులు కనిపిస్తుంది.

కిందటి ఏడు ఈస్టరు వెళ్లిన మర్నాడు నాకు పూర్ణచంద్రరావు గారు ఫోన్ చేశారు. రేపల్లె దాటాక, సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. అందులో పైపులు నా కొట్టువి, పని ఖాజాది.

"ఏమయ్యా బసవేశ్వరరావూ, ఏం పైపులిచ్చావు నాకు? ఎనిమిది రోజుల్లో మూడుసార్లు మోటారు ట్రిప్ అయి ఆగిపోయింది. బాక్సులో నీళ్లు. ఐసు మెత్తబడి పడవల వాళ్లు తిట్టి పోతున్నారు. నాసిరకం పైపు అంటగట్టావు కదూ?"

నాకు తల తీసేసినట్టయింది. నిజం చెప్పాలంటే ఆ సరుకు మీద నాకే పూర్తి నమ్మకం లేదు. ఆ పైపులిచ్చిన ఏడే కంపెనీ మార్చాను. అందుకే ఖాజాను వెంటబెట్టుకుని పొద్దున రైల్లో రేపల్లె వెళ్తున్నంతసేపూ ఒకటే కోరుకున్నాను. తప్పు ఎవరిదైనా కానీ, పైపుది మాత్రం కాకూడదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే పూర్ణచంద్రరావు గారు మమ్మల్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "మేస్త్రీ, మూడుసార్లూ ఏ రోజుల్లో ట్రిప్ అయిందో తెలుసా? మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టరు. మా ఆశీర్వాదం చర్చికి సెలవు పెట్టిన మూడు రోజులూ అవే. ప్రతి ఆదివారం సెలవు కావాలని సంక్రాంతప్పుడు అడిగాడు. కుదరదన్నాను. తను లేకపోతే ఫ్యాక్టరీ నడవదని నాకు చూపిస్తున్నాడు."

ఆశీర్వాదం అక్కడ ఆపరేటరు. పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. భార్య దేవకుమారితో ఫ్యాక్టరీ ఆవరణలోనే ఒక గదిలో ఉంటాడు. ప్యానెల్ గది తాళాలు అతని దగ్గరే ఉంటాయి. ఆ గదిలోంచి పైపు భూమిలోకి దిగి, ఐసు గది కిందుగా వెళ్లి, వెనకవైపు నేలలో పాతిన ఇనప బాక్సులో తేలుతుంది. అక్కడి నుంచి నీటి మోటారుకు కరెంటు. ఆ బాక్సులోనే నీళ్లు చేరి మోటారు ఆగిపోతోంది.

ఖాజాకు ఇలాంటి మాట చెవిన పడితే చాలు, కళ్లు చిన్నవైపోతాయి. మెయిన్‌కి తాళం వేసి, బాక్సు మూత తీసి, పైపు మూతి దగ్గర తడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఐసు దిమ్మెలు మోసేవాళ్లు, లారీ డ్రైవరు, గుమస్తా, అంతా కలిపి పదకొండు మంది చుట్టూ మూగారు.

"ఉప్పు లేదు" అన్నాడు ఖాజా.

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ నేలలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, గోంగూర మడి కూడా బతకదు. పైపు పగిలి ఉంటే లోపలికి వచ్చేవి ఉప్పునీళ్లే కావాలి. అంటే నా పైపు నిక్షేపంగా ఉంది!

"మరి వాననీళ్లా?" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"ఉగాది ముందు నుంచీ చినుకు లేదు కదండీ. ఇవి మంచినీళ్లు. ఇక్కడ మంచినీళ్లు వాటంతట అవి రావు. మనిషి మోసుకొస్తేనే వస్తాయి."

పదకొండు తలలూ ఒకేసారి ప్యానెల్ గది వసారా వైపు తిరిగాయి. అక్కడ నీడపట్టున దేవకుమారి పెట్టుకున్న మంచినీళ్ల టిన్నులు మూడు వరసగా ఉన్నాయి.

ఆశీర్వాదం భుజం మీద తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "నేను పోయలేదండి. ఆ బాక్సు నేను రోజూ తుడుస్తూనే ఉన్నానండి."

"ఏంటీ, రోజూ తుడుస్తున్నావా?" పూర్ణచంద్రరావు గారు ఒక్క అడుగు ముందుకేశారు. "అంటే నీళ్లొస్తున్నాయని నీకు ముందే తెలుసన్నమాట!"

"చెమ్మండి. పొద్దున్నే కాస్త చెమ్మ ఉంటుంది. గుడ్డతో తుడిచేస్తాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"తుడిస్తే పోయేదానికి చెప్పేదేముందని, చెప్పలేదండి."

"సరే, నీ పెళ్లాం మీద ఒట్టేసి చెప్పు, పోయలేదని."

ఆశీర్వాదం తల అడ్డంగా ఊపాడు. "మేం ఒట్టు పెట్టుకోమండి. మా బైబిలు వాక్యం వద్దంటుంది. పోయలేదని చెప్పాను కదండీ."

అంతే. మన వైపు ఒట్టు వెయ్యనన్నవాడి గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? నిజమైతే ఒట్టెయ్యడానికి ఏం పోయేకాలం అన్నాడు గుమస్తా. ఎవరూ కాదనలేదు. ఖాజా కాదనలేదు, నేనూ కాదనలేదు. మధ్యాహ్నం లోపల వాళ్లుండే గదిలో సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కింది. మంచాన్ని తాడేసి కడుతూ దేవకుమారి ఒక్కసారి మా వైపు చూసింది. మూడు టిన్నులనూ వసారాలోనే వదిలేసి ఆటో ఎక్కింది.

తిరుగు రైల్లో నాకు హాయిగా ఉంది. భట్టిప్రోలు దాటాక ఖాజా ఉన్నట్టుండి అన్నాడు. "బసవా, పోసేవాడు తుడవడం ఎందుకు?"

"తను ఉన్న రోజు ఫ్యాక్టరీ నడవాలి కదయ్యా! అందుకు తుడుస్తాడు. లేని రోజు ఆగాలి, అందుకు పోస్తాడు. నీ నాలుక చెప్పాక మళ్లీ ఈ చర్చ ఏంటి?"

అనుమానపు మనిషికి అనుమానం అందిస్తే పట్టుకోడా? పట్టుకున్నాడు. కానీ అందించింది నేను. నా పైపు మీదకు రాకుండా ఉంటే చాలని అందించాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మే నెలలో పూర్ణచంద్రరావు గారు మళ్లీ ఫోన్ చేశారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ట్రిప్ అవుతోందట. ఆశీర్వాదం గోడ దూకి వచ్చి పోస్తున్నాడట. గోడ మీద గాజుపెంకులు పాతించాను, కెమెరా పెట్టించాను అన్నారు.

"కెమెరాలో కనిపించాడాండీ?"

"కనిపిస్తే అనుమానం ఎందుకయ్యా? కనిపించకుండా పోస్తున్నాడు. ఎంత తెలివైనవాడో చూడు!"

ఈ మాట చెబితే ఖాజా నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

జూన్ మొదట్లో బాపట్ల నుంచి పని వచ్చింది. సూర్యలంక వెళ్లే దారిలో రాహుల్ అనే కుర్రాడికి ఐస్‌క్రీమ్ గోడౌన్ ఉంది. అతను, అతని భార్య సాయిసుధ తప్ప పనివాళ్లెవరూ లేరు. ఫ్రీజర్ గది వెనక బాక్సులో నీళ్లు. నేనూ వెంట వెళ్లాను. ఖాజా వెళ్లీ వెళ్లగానే అడిగాడు.

"మీకు ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"లేవండి."

"ఇంట్లో? మీ ఆవిడతో ఏమైనా...?"

సాయిసుధ చేతిలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "భలేవారే బాబాయ్ గారూ! నాకు కోపమొస్తే ఈయన నెత్తిన పోస్తాను గానీ పైపులో ఎందుకు పోస్తాను?" అని పకపకా నవ్వింది. తర్వాత మామూలుగా అంది. "అయినా ఆ బాక్సు రోజూ నేను తుడుస్తూనే ఉన్నానండి. మొన్న పుట్టింటికి వెళ్లిన రెండు రోజులే ట్రిప్ అయింది."

బాక్సులో తడిని తీసిన ఖాజా వేలు నాలుక దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏంటమ్మా అన్నావు?"

"రోజూ తుడుస్తున్నానని అన్నానండి. పొద్దున్నే కాస్త చెమ్మ ఉంటుంది."

ఖాజా ఆ వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత పైపు ఏ దారిన వస్తోందో అడుగులు వేసి చూశాడు. బయట ఎండలో గోడ దగ్గర మొదలై, ఫ్రీజర్ గది నేల కిందుగా వచ్చి, వెనక బాక్సులో తేలుతోంది. ఇంతలో సాయిసుధ మాకు రెండు ఐస్‌క్రీమ్ కప్పులు తెచ్చి పెట్టింది. ఖాజా కప్పు తినలేదు. దాని వొంటికి పట్టిన నీటిని వేలితో తుడిచి నాలుక మీద పెట్టుకుని, ఆ మెట్టు మీదే కూలబడ్డాడు.

"ఇదే బసవా. అక్కడ రుచి చూసింది కూడా ఇదే. ఈ నీళ్లకు ఉప్పు లేదు. టిన్ను నీళ్ల రుచి కూడా లేదు. అసలు ఏ రుచీ లేదు. సముద్రపు గాలిలో తడి ఉంటుంది. ఆ గాలి పైపులోకి పోతుంది. పైన ఐసు గది ఉంటే లోపల పైపు చల్లబడి, ఈ కప్పుకి పట్టినట్టే చెమట పడుతుంది. నేను ఉప్పు కోసం వెతికాను. అది లేకపోయేసరికి మనిషి కోసం వెతికాను."

"అక్కడ మొదట్లో రాలేదు కదయ్యా?"

"మొదట్లో పైపు ఖాళీ నేల కింద ఉంది. కిందటేడు ఐసు గది పెంచి దాని మీదకు తెచ్చారు. అప్పుడు నన్ను పిలిచి అడిగారు కూడా. పైపుకేం ఫర్వాలేదు, కట్టుకోండి అన్నాను." తన వంగని వేళ్లను చూసుకున్నాడు. "ఒట్టేసినవాడు నా చెయ్యి కాల్చాడు. ఒట్టు వెయ్యనివాడి కడుపు నేను కాల్చాను."

నేను ఊరుకోవచ్చు కదా? "ఫోన్‌లో చెప్పేద్దాంలే, అంత దూరం ఎందుకు" అన్నాను. ఖాజా నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. మర్నాడు పొద్దున్నే చాంద్ బీ మా ఇంటికొచ్చింది. "ఆయన రాత్రి అన్నం ముట్టలేదు అన్నయ్యా. చుండూరు వెళ్తానంటున్నాడు. ఒంటరిగా పంపను. మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?" అంది. చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఆశీర్వాదం వాళ్లు చుండూరులో బావమరిది ఇంట్లో ఉంటున్నారు. మేం వెళ్లేసరికి ఆశీర్వాదం లేడు, మొక్కజొన్న బస్తాలు ఎత్తే పనికి వెళ్లాడు. ఐసు ఫ్యాక్టరీలకు వెళ్లలేదా అని అడిగాను. రెండింటికి వెళ్లాడట. పేరు చెప్పగానే, పైపులో నీళ్లు పోసింది నువ్వేనా అని గేటు దగ్గర నుంచే పంపేశారట. చర్చిలో కూడా ఇప్పుడు వెనక వరసలో కూర్చుంటున్నాడట. దేవకుమారి ఇవన్నీ గొంతు పెంచకుండా చెప్పింది. లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఖాజాకు ఇచ్చింది.

"రుచి చూసి తాగండి బాబాయ్ గారూ. ఎక్కడి నీళ్లో, ఎవరు పోశారో మీకు తెలిసిపోతుంది కదా."

ఆ మాటకు నాకే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. ఖాజా గ్లాసు రెండు చేతులతో అందుకుని, దించకుండా గటగటా తాగేశాడు. తాగి, ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అతను ఏడవగా నేను చూడలేదు. దేవకుమారి గ్లాసు తీసుకోలేదు. అలాగని లేచి పొమ్మని కూడా అనలేదు.

మధ్యాహ్నానికి ఆశీర్వాదం వచ్చాడు, జుట్టు నిండా మొక్కజొన్న దుమ్ము. ఖాజా జరిగిందంతా చెప్పి, తప్పు తనదేనని చేతులు పట్టుకోబోయాడు. ఆశీర్వాదం చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నేను పోయలేదని నాకు తెలుసు కదండీ. నాకెందుకు చెప్పడం? ఎక్కడ చెప్పారో అక్కడ చెప్పండి. ఆ పదకొండు మంది ముందే చెప్పండి."

ఆ సాయంత్రమే రేపల్లె వెళ్లాం. పూర్ణచంద్రరావు గారు అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి మా ఇద్దర్నీ కిందినుంచి పైదాకా చూశారు.

"వాడేం ముట్టజెప్పాడు మీకు?"

"అదేం మాటండీ!" నేను ఎగిరిపడ్డాను.

"మరేంటయ్యా? ఏప్రిల్‌లో మనిషి పోశాడన్నారు. జూన్‌లో గాలి పోసిందంటున్నారు. పైపేమో నీది, మేస్త్రీ నీ స్నేహితుడు. నేను వెర్రివాడిలా కనిపిస్తున్నానా?"

ఖాజా మాత్రం చల్లగా ఉన్నాడు. ఎంతైనా తనలాగే అనుమానపు జాతి మనిషి కదా, ఎలా మాట్లాడాలో తెలుసు. "నన్ను నమ్మొద్దండి. మీరే చూసుకోండి" అన్నాడు. ఎదురు కొట్టు నుంచి బట్టలకు పెట్టే నీలిమందు పొడి తెప్పించాడు. బాక్సునీ పైపునీ పొడిగా తుడిపించాడు. ప్యానెల్ గదిలో పైపు మూతికి రెండు పొరల గుడ్డ కట్టి, పొరల మధ్య నీలిమందు చల్లమని ఆయన చేతికే ఇచ్చాడు. గాలి పోతుంది. ఎవరైనా నీళ్లు పోస్తే మాత్రం అటు తేలేది నీలం నీళ్లే. గదికి ఖాజా తాళం పనికిరాదన్నారు ఆయన. ఇంట్లోంచి తన తాళం తెప్పించి వేసుకున్నారు.

మర్నాడు పది గంటలకు పదకొండు మందినీ పిలిపించారు. గుమస్తా రానంటే ఖాజానే వెళ్లి పిలుచుకొచ్చాడు. ఆశీర్వాదం, దేవకుమారి చుండూరు నుంచి వచ్చి గేటు పక్కన నిలబడ్డారు. పూర్ణచంద్రరావు గారు బాక్సు మూత తీయించారు. అడుగున రెండు గ్లాసుల నీళ్లు ఉన్నాయి. తెల్ల జేబురుమాలు ముంచి తీశారు. తెల్లగానే ఉంది. మళ్లీ ముంచారు. మళ్లీ తెల్లగానే ఉంది. అప్పుడైనా నమ్మారా? బాక్సు తుడిపించి, ప్యానెల్ గది తాళం తీసి, స్వయంగా చెంబుడు నీళ్లు ఆ గుడ్డ మీద పోసి, వెనక్కి వచ్చి చూశారు. కాసేపటికి బాక్సులోకి నీలం నీళ్లు కారాయి.

ఖాజా ఏప్రిల్‌లో నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"అందరూ వినండి. ఇవి మనిషి మోసుకొస్తేనే వచ్చే నీళ్లని ఇక్కడే చెప్పాను. అది తప్పు. పైపు వేసింది నేను. దాని మీద ఐసు గది కట్టుకోమన్నదీ నేనే. ఈ మనిషి రోజూ తుడవబట్టే ఇన్నాళ్లూ మీ ఫ్యాక్టరీ నడిచింది. తుడవని మూడు రోజులూ ఆగింది. తుడిచినవాణ్ణే నేను దొంగను చేశాను."

నాకూ నోరు ఉందిగా. ఖాజా పక్కకు వచ్చి అన్నాను. "నా పైపు మీదకు రాకూడదని ఆ రోజు నేను కూడా నోరు మూసుకున్నానండి."

పూర్ణచంద్రరావు గారు జేబురుమాలు పిండి మడతపెట్టుకున్నారు. "సరే ఆశీర్వాదం, అయిందేదో అయింది. రేపట్నుంచి పనిలోకి రా. గదిలో సామాను పెట్టుకో. కాకపోతే నా మీద కోపం లేదని ఒక్క ఒట్టు వెయ్యి, చాలు."

"ఒట్టు వెయ్యనండి" అన్నాడు ఆశీర్వాదం. తుండుగుడ్డ భుజం మీద సర్దుకుని, "కోపం ఉందండి. చాలా ఉంది. మీ మీదా ఉంది, మేస్త్రిగారి మీదా ఉంది. పని మాత్రం సరిగ్గానే చేస్తాను" అన్నాడు.

"చూశావా మేస్త్రీ?" ఆయన ఖాజా వైపు తిరిగారు. "ఎదురుగానే కోపం ఉందంటున్నాడు. ఇలాంటివాడి చేతికి తాళాలు ఎలా ఇస్తాం?"

ఖాజా గాలి దూరకుండా పైపు మూతులు మూసే ముద్ద, నీళ్లు దిగిపోయేలా బాక్సు అడుగున చిల్లు పెట్టే డ్రిల్లు సంచిలోంచి తీసి నేల మీద పెట్టాడు. తర్వాత నడుముకున్న ఇత్తడి తాళంకప్ప విప్పి నా చేతిలో పెట్టాడు. టెస్టరు కూడా తీసి ఇచ్చాడు. నాకు అర్థం కాలేదు.

"ఆశీర్వాదం, వెళ్లి మెయిన్ తియ్యి."

ఆశీర్వాదం వెళ్లాడు. మేమున్న చోటు నుంచి ప్యానెల్ గది కనిపించదు, మధ్యలో ఐసు గది అడ్డం. తీశాడో లేదో చూసేవాళ్లు ఎవరూ లేరు. తిరిగొచ్చి బాక్సుకు అవతల నిలబడ్డాడు.

"తీశావా?"

"తీశానండి."

"ఖాజా, టెస్టరు! టెస్టరు పెట్టు ముందు!" నేను కేక వేశాను. చేతిలోని టెస్టరు అతని వైపు చాచాను. ఖాజా వినిపించుకోలేదు. గొంతుక్కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్లు నిలిచిన ఆ బాక్సులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వంగని రెండు వేళ్లున్న చెయ్యి అది. వైర్ల జాయింటును గుప్పిట పట్టుకుని, తల పైకెత్తి ఆశీర్వాదాన్ని చూస్తూ అలాగే ఉండిపోయాడు.

గేటు దగ్గర నుంచి దేవకుమారి నడిచి వచ్చింది. ఆశీర్వాదం ఒక్కసారి ముక్కు ఎగబీల్చుకున్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి, ముందు బాక్సు తుడిచాడు. తర్వాత అదే గుడ్డతో ఖాజా చెయ్యి తుడిచాడు.

పూర్ణచంద్రరావు గారు జేబులోంచి తాళాల గుత్తి తీసి అతని ముందు పట్టారు.